చర్మం మానింది సరే, లోపల రక్తనాళం మానిందా?

పోయిన సంచికలో ఛాతీలో దిగే గాయాల గురించి నాలుగు ముక్కలు రాశాను. కత్తి కానీ, ఎద్దు కొమ్ము కానీ, ఇనుప చువ్వ కానీ, లోపలికి దిగిన గాయం ఎంత లోతు పోయిందో పైనుంచి చూసి ఎవరూ చెప్పలేరు అన్నదే అందులో నేను చెప్పిన మాట. దానికి ఇన్ని ప్రశ్నలు వస్తాయని అనుకోలేదు. ఎక్కువ వాట్సాప్‌లో వచ్చాయి, ఒకటి మాత్రం ఇన్‌లాండ్ లెటర్‌లో, అదీ పెన్సిల్‌తో రాసింది. అన్నీ వేసేందుకు చోటు లేదు, ఐదు తీసుకున్నాను. మొదటిదానికే సగం పేజీలు పోయాయి, చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది. పేర్లు వేయడం లేదు, ఊర్లు మాత్రం వేస్తున్నాను.

తాడిపత్రి నుంచి ఒక సోదరి: నమస్తే సార్. మా ఆయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో కటింగ్ పని చేస్తారు. ఐదు వారాల కింద గ్రైండర్ బ్లేడు పగిలి ఒక ముక్క ఎడమ పక్క కాలర్ బోన్ కింద దిగింది. చొక్కా అంతా తడిసిపోయేంత రక్తం పోయింది. గుడ్డ అదిమిపట్టి ఆస్పత్రికి తీసుకుపోయేసరికి ఆగిపోయింది. వాళ్ళు ముక్క తీసి, మూడు కుట్లు వేసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చి, ఎక్స్‌రే బాగుంది అని పంపించేశారు. గాయం మానింది కానీ ఇప్పుడు అదే చోట నిమ్మకాయంత వాపు వచ్చింది, పెరుగుతానే ఉంది. ఎడమ చేతి చివరి రెండు వేళ్ళు తిమ్మిర్లు, చెయ్యి పైకెత్తి పని చేస్తే లాగేస్తోంది అంటారు. మా ఊరి ఆర్‌ఎంపీ చీము పట్టింది, ఆదివారం రండి కోసి తీసేస్తా అన్నాడు. చెయ్యి పెట్టి చూస్తే లోపల ఏదో కొట్టుకుంటున్నట్టు ఉంది సార్. కోయించవచ్చా?

అమ్మా, కోయించకూడదు. ఈ జవాబు అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు కాబట్టి మెసేజ్ చూసిన రోజే ఫోన్ చేసి చెప్పాను, మీరూ ఆలస్యం చేయకుండా అనంతపురం వెళ్ళి స్కానింగ్ తీయించారు. ఇక్కడ మీ అనుమతితో మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను.

మీరు రాసిన ఉత్తరంలో నన్ను కుర్చీలోంచి లేపిన మాట ఒక్కటే, "లోపల కొట్టుకుంటున్నట్టు ఉంది". చీము గడ్డ సలుపుతుంది, కాలుతుంది, ఎర్రబడుతుంది, జ్వరం తెస్తుంది. గుండెతో పాటు లయగా ఎగరదు. గాయం తగిలిన చోట కొన్ని వారాలకు వచ్చి, చెయ్యి పెడితే నాడిలా కొట్టుకునే వాపును ముందు ధమనికి పడిన చిల్లుగానే అనుమానించాలి. అది కాదని స్కానింగ్‌లో తేలేదాకా దాని మీద సూది కూడా పెట్టకూడదు.

జరిగింది ఇది. కాలర్ బోన్ వెనక నుంచి చేతికి రక్తం తీసుకుపోయే పెద్ద ధమని ఒకటి పోతుంది, సబ్‌క్లేవియన్ అంటాం, పెద్దవాళ్ళలో దాదాపు చిటికెన వేలంత లావుంటుంది. బ్లేడు ముక్క దాని గోడకు చిన్న గాటు పెట్టింది. ధమని పూర్తిగా తెగిపోతే రెండు కొసలూ ముడుచుకుని ఒక్కోసారి వాటంతటవే మూసుకుంటాయి కానీ, పక్కన గాటు పడిన ధమని అలా ముడుచుకోలేదు, చిల్లు తెరుచుకునే ఉంటుంది. బయటికి వచ్చిన రక్తాన్ని చుట్టూ ఉన్న కండరాలు, పొరలు పట్టి ఆపాయి. గుడ్డ అదిమితే రక్తం ఆగిందంటే అర్థం అదే, చిల్లు పూడిందని కాదు. ఆ పట్టి ఆగిన రక్తం చుట్టూ పలచని సంచిలాంటిది తయారవుతుంది. గుండె కొట్టినప్పుడల్లా ఆ సంచిలోకి రక్తం పోటెత్తుతుంది, సంచి పెరుగుతుంది. దీన్నే సూడో అన్యూరిజం అంటాం, ఉత్త సంచే తప్ప ధమని గోడ దానికి ఉండదు. చేతికి పోయే నరాల కట్ట ఆ ధమనికి ఆనుకునే ఉంటుంది కాబట్టి సంచి పెరిగి వాటిని నొక్కింది, ఆ రెండు వేళ్ళ తిమ్మిర్లు అందుకే. దాని మీద కత్తి పెడితే ఏమవుతుందో ఇక నేను చెప్పక్కర్లేదు, కానీ చెబుతాను, ఎందుకంటే నేను చూశాను.

నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఒకాయనను ఎద్దుల బండిలో వేసుకొచ్చారు. పొడుపు గాయం ఎప్పుడో మానింది, చంక పైన వాపు వస్తే ఊర్లో ఎవరో గడ్డనుకుని కోశారు. వెంట వచ్చిన కుర్రోడు రెండు పిడికిళ్ళూ ఆ గాయంలో కుక్కి, దారి పొడవునా తియ్యకుండా అట్లే పట్టుకుని కూర్చున్నాడు. థియేటర్‌లో మేము ఛాతీ తెరిచి ధమనిని పట్టుకునేదాకా వాడి చేతులు తీయనీయలేదు, వాడి చేతుల మీదే అయోడిన్ పోసి ఆపరేషన్ మొదలుపెట్టాం. పేషెంటు బతికాడు. ఆ కుర్రోడికి చేతులు పట్టేసి ఒక పూట అన్నం కలుపుకోలేకపోయాడు.

మరి మొదటి ఆస్పత్రి వాళ్ళు ఎందుకు కనిపెట్టలేదు అని మీ కోపం. కోపం న్యాయమే, కానీ ఎక్స్‌రేలో ధమని కనపడదమ్మా. ఎముక విరిగిందా, ఛాతీలో గాలి గానీ రక్తం గానీ చేరిందా, గుండె పైన నీడ వెడల్పయిందా, ఇవి చూపిస్తుంది. రక్తం కూడా మనిషిని నిలబెట్టో కూర్చోబెట్టో తీస్తే రెండు మూడు వందల మిల్లీలీటర్లు ఉంటే గానీ తేలదు, పడుకోబెట్టి తీస్తే అంతకు మించి ఉన్నా పలచటి పొగలా వెనక పరుచుకుని తప్పించుకుంటుంది. వాళ్ళు చేయాల్సింది, చేయనిది, ఖర్చు లేని పని ఒకటుంది. రెండు చేతులకూ బీపీ చూడటం. గాయం ఉన్న వైపు చేతి పై బీపీని రెండో చేతి పై బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వస్తే, అంటే మంచి చేతిలో 120 ఉండి ఈ చేతిలో 108 కన్నా తక్కువ ఉంటే, ధమనికి ఏదో అయిందని అనుమానించి సీటీ యాంజియోగ్రామ్‌కు పంపాలి. ఇంకొకటి, స్టెతస్కోపు గాయం మీద పెట్టి వినడం. ధమనిలో చిల్లుంటే సన్నటి ఈల లాంటి శబ్దమో, మోటారు గుర్రుమన్నట్టో వినిపిస్తుంది. రెండు నిమిషాల పని. "చొక్కా అంతా తడిసింది" అని మీరు చెప్పిన మాటైనా వాళ్ళు వినుండాల్సింది, ఎందుకంటే తోలు తెగితే చొక్కా అంత తడవదు.

సీటీ యాంజియోలో చేతి సిరలోకి, అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తెచ్చే నాళంలోకి, మందు ఎక్కించి స్కాన్ చేస్తారు. మందు మంచి చేతికే ఎక్కించాలి, గాయం వైపు ఎక్కిస్తే ఆ మందు సిరల్లో తెల్లగా మెరిసిపోయి అసలు చూడాల్సిన చోటును కప్పేస్తుంది. ముందు క్రియాటినిన్ పరీక్ష చేస్తారు, కిడ్నీలు బాగున్నాయో లేదో చూడటానికి.

మీరు రిపోర్టు పంపి అడిగిన రెండో ప్రశ్న, ఛాతీ కోస్తారా, తొడలోంచి స్టెంట్ వేస్తారా అన్నది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

పొలంలో పైపు పగిలితే మనం ఏం చేస్తాం? నీళ్ళు చిమ్ముతుండగా పగులు మీద చెయ్యి పెట్టి అతికించం. బోరు దగ్గరికి పోయి గేట్‌వాల్ కట్టేసి, అవతల పైపు కూడా మూసి, అప్పుడు పగులు దగ్గరికి వస్తాం. రక్తనాళాల సర్జన్ చేసేదీ అదే, చిల్లుకు ఇవతల ఒక బిగింపు, అవతల ఒక బిగింపు, ఆ తర్వాతే సంచి తెరవడం. చిక్కంతా గేట్‌వాల్ ఎక్కడుందన్న దగ్గరే. తొడలోనో మోచేతిలోనో అయితే అరచేయి వెడల్పు కోసి పట్టుకోవచ్చు. ఎడమ సబ్‌క్లేవియన్ మొదలు ఛాతీ లోపల, గుండె నుంచి లేచి వంపు తిరిగే బృహద్ధమని మీద ఉంటుంది. ముందు దాన్ని పట్టుకోవాలంటే ఎడమ వైపు పైన, మూడో నాలుగో పక్కటెముకల సందులోంచి ఛాతీ తెరవాలి. తర్వాత కాలర్ బోన్ పైన ఇంకో గాటు, అవసరమైతే ఆ ఎముకనే కోసి పక్కకు తప్పించడం. ఇదే గాయం కుడి వైపు అయ్యుంటే దారి వేరు. కుడి మెడకూ కుడి చేతికీ బృహద్ధమని నుంచి ఉమ్మడిగా ఒక కొమ్మ లేచి తర్వాత చీలుతుంది, దాన్ని చేరుకోవడానికి ఛాతీ నడిమి ఎముకను నిలువునా రంపంతో కోయాలి. ఒకే పేరున్న రెండు ధమనులకు రెండు వేరు వేరు తలుపులు, అందుకే ముందు స్కాన్ కావాలి, ఏ తలుపు తెరవాలో తెలిసే థియేటర్‌లోకి పోవాలి.

పట్టుకున్నాక కుట్టడం తేలికేమీ కాదు. ఈ ధమని మొండిది కాదు, మెత్తగా ఉంటుంది, గట్టిగా లాగితే తడిసిన కాగితంలా చిరుగుతుంది. గాటు చిన్నదైతే వెంట్రుకంత సన్నటి ప్రోలీన్ దారంతో అక్కడికక్కడ కుట్టేస్తాం. అంచులు నలిగిపోయి ఉంటే ఆ ముక్క కత్తిరించి పారేసి, ఆ సందులో కాలి నుంచి తీసిన సిరనో, పీటీఎఫ్ఈ అనే కృత్రిమ గొట్టాన్నో అతుకుతాం. రెండు రక్తనాళాల కొసలను లీకు లేకుండా కుట్టే పద్ధతిని 1902లో అలెక్సిస్ కారెల్ అనే ఫ్రెంచి సర్జన్ ప్రచురించాడు, గుండ్రటి అంచును మూడు చోట్ల దారంతో లాగి త్రిభుజం చేస్తే కుట్టడం సులువని కనిపెట్టింది ఆయనే, 1912లో నోబెల్ కూడా ఇచ్చారు. ఇప్పటికీ మేం కుట్టేది ఆ దారిలోనే.

స్టెంట్ సంగతి. తొడలోంచో చేతిలోంచో తీగ పంపి, చిల్లు పడిన చోట లోపలి వైపు గుడ్డ తొడుగున్న గొట్టాన్ని విప్పుతారు. సంచికి రక్తం అందదు, అది గడ్డకట్టి మెల్లగా కుంచించుకుపోతుంది. ఛాతీ కోయక్కర్లేదు, నాలుగైదు రోజుల్లో ఇంటికి రావచ్చు. నిలకడగా ఉన్న మనిషికి ఈ రోజుల్లో చాలాచోట్ల మొదట ఆలోచించేది ఇదే, నేనూ దానికి ఎదురు చెప్పను. కానీ మీ ఆయన వయసు చిన్నది, రోజంతా చేతులెత్తి బరువు పని. ఆ గొట్టం సరిగ్గా కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ నడుమ పడితే చెయ్యి ఎత్తినప్పుడల్లా నలుగుతుంది, ఏళ్ళ తరబడి నలిగితే విరగొచ్చు, లోపల మూసుకుపోవచ్చు. సంచి పెద్దదై నరాలను నొక్కుతుంటే దాన్ని తెరిచి ఖాళీ చేస్తేనే వేళ్ళు త్వరగా తేరుకునే అవకాశమూ ఉంది. కాబట్టి మీ సర్జన్‌ను ఈ మూడు అడగండి: చిల్లు సరిగ్గా ఏ భాగంలో ఉంది, స్టెంట్ ఎముకల సందులో పడుతుందా, వేస్తే ఎన్నేళ్ళు స్కాన్‌లకు రావాలి. స్టెంట్ వేస్తే ఆస్పిరిన్ లాంటి మాత్రలు మానకూడదు, "బాగున్నా కదా" అని మూడో నెల మానేసేవాళ్ళే ఎక్కువ మా దగ్గర. వాళ్ళు ఏది చేసినా తిమ్మిరి వెంటనే పోదు, నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది, కంగారు పడకండి.

పత్తికొండ నుంచి ఒక రైతు (పెన్సిల్ ఉత్తరం): అయ్యా, బండలాగుడు పోటీల్లో మా తమ్మునికి కోడె కొమ్ము కుడి రొమ్ములో దిగింది. కర్నూలు తీసుకుపోతే పక్కన చిన్న రంధ్రం చేసి పైపు వేసి, సీసాలో రక్తం పడుతుంటే చూస్తా కూర్చున్నారు. ఆపరేషన్ చేయమంటే వద్దన్నారు. ఐదు రోజులకు పైపు తీసి పంపినారు. ఇప్పుడు బాగున్నాడు. కానీ ఊర్లో అందరూ మీరు పేదోళ్ళని పట్టించుకోలేదు అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు పెద్దాయనా. మీ తమ్మునికి చేయాల్సినదే చేశారు.

ఛాతీలో దిగిన గాయాల్లో ఎక్కువ భాగానికి ఆ పైపే వైద్యం. నూటికి ఎనభై ఐదు మందికి ఛాతీ తెరిచే పని లేదనే మా పుస్తకాల్లో ఉంటుంది. ఊపిరితిత్తిలో రక్తం పారే ఒత్తిడి చేతిలోని ఒత్తిడి కంటే చాలా తక్కువ, అందుకే చేరిన రక్తాన్నీ గాలినీ పైపుతో తీసేసి ఊపిరితిత్తిని మళ్ళీ ఉబ్బనిస్తే అది పక్కటెముకలకు ఆనుకుని, తన చిల్లు తనే పూడ్చుకుంటుంది. పైపు ఎక్కడ పడితే అక్కడ వేయరు. పక్కటెముక కింది అంచును పట్టుకుని ఒక ధమని, సిర, నరం నడుస్తాయి కాబట్టి వాటికి తగలకుండా కింది ఎముక పై అంచు మీదుగా, చంక కింద ఐదో సందు దగ్గర వేస్తారు. పొడుపులో తెగేది కూడా చాలాసార్లు ఆ పక్కటెముక ధమనే, అది ఒత్తిడితో కొడుతుంది, మొండిగా కారుతూనే ఉంటుంది.

వాళ్ళు సీసా ముందు కూర్చున్నది కాలక్షేపానికి కాదు. పైపు వేయగానే లీటరున్నర వచ్చినా, లేక గంటకు 200 మిల్లీలీటర్లు చొప్పున రెండు నుంచి నాలుగు గంటలు ఆగకుండా పడుతున్నా, లోపల ధమని ఏదో తెగిందని లెక్క, ఇక చూడటం మానేసి ఛాతీ తెరవాలి. మీ తమ్మునికి ధార తగ్గుతూ వచ్చింది కాబట్టే వద్దన్నారు. ఛాతీలో ఒక్కో వైపు రెండు లీటర్లకు పైగా రక్తం దాక్కోగలదు, బయట చొక్కా మీద చుక్క కూడా కనపడకుండా, అందుకే ఆ సీసా మీద గీతలు గంట గంటకూ రాసుకుంటారు.

ఒక్క మాట అడుగుతాను. ఆయనకు మూడు బంతుల పరికరం ఇచ్చి ఊపిరి పీల్చమన్నారు కదా, అది ఇంట్లో అటక మీద ఉందా, వాడుతున్నాడా? వాడమనండి. జ్వరం, ఆయాసం, దగ్గితే ఆ వైపు నొప్పి మళ్ళీ మొదలైతే గడ్డకట్టిన రక్తం కొంచెం లోపల మిగిలి చీము పట్టిందేమో చూడాలి, అప్పుడు ఆలస్యం చేయకుండా అదే ఆస్పత్రికి పోండి. అలాంటి గడ్డను తొందరగా, మొదటి వారంలోనే కనిపెడితే కెమెరాతో చిన్న రంధ్రాల ద్వారా తీసేస్తారు, నెల దాటితే తొక్కలా అతుక్కుపోయి పెద్ద ఆపరేషన్ అవుతుంది.

కర్నూలు నుంచి డిగ్రీ విద్యార్థి: సార్, సినిమాల్లో ఛాతీలో దిగిన కత్తిని పీకి పడేసి కొట్లాడతారు. నిజంగా అయితే పీకాలా వద్దా?

పీకొద్దు నాయనా. మన సీమ మీద తీసే సినిమాల్లో కత్తులకు కొదవ లేదు కానీ, గుచ్చుకున్న కత్తి చాలాసార్లు తాను చేసిన చిల్లుకు తానే బిరడా. పీకితే బిరడా పోతుంది. చుట్టూ గుడ్డలు ఉండలుగా చుట్టి కదలకుండా కట్టి, 108కు ఫోన్ చేసి, మనిషిని పడుకోబెట్టండి, ఊపిరి ఆడకపోతే ఒరిగి కూర్చోనివ్వండి. పిడి పొడవుగా ఉందని కోయడం, ఊపడం చేయవద్దు. నీళ్ళు, టీ, సోడా ఏవీ పట్టకండి, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. బయటి గాయంలోంచి గాలి బుస్సుబుస్సుమని లోపలికి పోతుంటే దాన్ని ప్లాస్టర్‌తో నాలుగు వైపులా బిగించి మూసేయకండి, లోపల గాలి చిక్కుకుని గుండెను పక్కకు నెట్టేస్తుంది. పసుపు, కాఫీ పొడి సంగతి అడగలేదు కాబట్టి సరిపోయింది.

కడప నుంచి ఒక హౌస్‌సర్జన్: సార్, క్యాజువాలిటీలో ఇద్దరు చెప్పేది రెండు రకాలుగా ఉంటోంది. ఒకరు చేతిలో నాడి దొరికితే ధమని బాగుందని రాయమంటారు. ఇంకొకరు బీపీ 120 వచ్చేదాకా సెలైన్ పారించమంటారు. ఏది పాటించాలి?

రెండూ పాటించకు.

నాడి సంగతి ముందు. భుజం చుట్టూ, భుజం రెక్క వెనక చిన్న ధమనుల వల ఉంటుంది, పెద్ద దారి తెగితే ఆ వల్లోంచి పక్కదారిన రక్తం చేతికి చేరుతుంది. సబ్‌క్లేవియన్ గాయంలో ముంజేతి నాడి దొరికినంత మాత్రాన నిశ్చింత లేదు, పైన తాడిపత్రి ఉత్తరం చదివావు కదా. ఎగజిమ్మే రక్తం, చూస్తుండగా పెరిగే వాపు, నాడి లేకపోవడం, చెయ్యి చల్లబడి పాలిపోవడం, గాయం మీద గుర్రు శబ్దం, వీటిలో ఒక్కటున్నా సందేహం లేదు, సర్జన్‌ను పిలువు, పేషెంటు కూలిపోతుంటే సీటీ గదికి తీసుకుపోవద్దు, థియేటర్‌కే. సీటీ సొరంగంలో బీపీ పడిపోయిన మనిషిని బయటికి లాగడం నేను రెండుసార్లు చూశాను, మూడోది వద్దు. ఇవేవీ లేక, మొదట బాగా రక్తం పోయిందని చెప్పడం, గాయం ధమని దారికి దగ్గర్లో ఉండటం, వేళ్ళు మొద్దుబారడం ఉంటే రెండు చేతుల బీపీ, ఆ తర్వాత యాంజియో.

గాయం రెండు చనుమొనల నడుమ, కాలర్ బోన్‌ల కింద, పక్కటెముకల అంచుకు పైన ఉంటే ముందు గుండెను అనుమానించు. అల్ట్రాసౌండ్ తల అక్కడ పెట్టడానికి అర నిమిషం చాలు. గుండె చుట్టూ ఉన్న సంచిలోకి ఒక్కసారిగా నూటయాభై మిల్లీలీటర్ల రక్తం చేరినా గుండె విచ్చుకోలేదు, మెడ సిరలు ఉబ్బి బీపీ పడుతుంది. రక్తం బాగా పోయినవాడికి మెడ సిరలు ఉబ్బవు కూడా, వాటి కోసం ఎదురు చూడకు.

ఛాతీ నడిమి ఎముకకు రెండు పక్కలా, అంచు నుంచి వేలి వెడల్పు దూరంలో ఇంకో ధమని దిగుతుంది, ఇంటర్నల్ మామరీ. దాని కథ నీకు నచ్చుతుంది. 1893 జులైలో షికాగోలో ఒక యువకుడికి గొడవలో ఎడమ రొమ్ము దగ్గర కత్తి దిగింది. చూసినప్పుడు గాయం పైపైనే ఉందనిపించింది. మర్నాటికి మనిషి చల్లబడటం మొదలైంది. ఎక్స్‌రే అప్పటికి కనిపెట్టనే లేదు, అది 1895లో వచ్చింది, ఎక్కించడానికి రక్తమూ లేదు. డాక్టర్ డేనియల్ హేల్ విలియమ్స్ ఛాతీ తెరిచి తెగిన మామరీ ధమనిని ముడివేసి, గుండె సంచికి పడిన గాటు కుట్టాడు. పేషెంటు బతికి నడుచుకుంటూ ఇంటికి పోయాడు. నాకు ఇందులో ఆపరేషన్ కన్నా గొప్పగా అనిపించేది, నిన్న "పైపైనే" అనుకున్న గాయాన్ని ఈరోజు మళ్ళీ చూడటానికి ఆయన సిగ్గుపడకపోవడం.

ఇక సెలైన్. తెగిన ధమని కొస దగ్గర రక్తం గడ్డకట్టి నిలిచి ఉంటుంది, బీపీ 120కి తోస్తే ఆ గడ్డ ఊడుతుంది, పైగా సెలైన్ రక్తాన్ని పలచన చేసి చల్లబరుస్తుంది. హ్యూస్టన్‌లో ఛాతీకీ పొట్టకూ పొడుపు, తూటా గాయాలైన 598 మందిని చూసి 1994లో ప్రచురించారు. థియేటర్‌కు చేరేదాకా సెలైన్ ఆపినవాళ్ళలో 70 శాతం, వెంటనే ఎక్కించినవాళ్ళలో 62 శాతం బతికారు. కాబట్టి మనిషి మాట్లాడుతుంటే, తలకు దెబ్బ లేకుంటే, పై బీపీ 80, 90 మధ్య ఉంటే అంతటితో ఊరుకుని థియేటర్‌కు తొందరపెట్టు. ఎక్కించాల్సింది ఏదన్నా ఉంటే అది రక్తం, దాంతో సమానంగా ప్లాస్మా, ప్లేట్‌లెట్లు. కట్టిన రక్తపు గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం ఒక గ్రాము పది నిమిషాల్లో ఇవ్వు, దెబ్బ తగిలి మూడు గంటలు దాటితే ఇవ్వకు. సూది మాత్రం గాయం లేని వైపు చేతికే పెట్టు, ధమనితో పాటు పక్కనున్న సిర కూడా తెగి ఉంటే నువ్వు ఎక్కించే రక్తం గుండెకు చేరదు, ఛాతీలోకే పోతుంది.

ఇంకొకటి, చెయ్యి చల్లబడిందంటే గడియారం చూసి కేస్‌షీట్‌లో టైమ్ రాయి. రక్తం లేకుండా కండ దాదాపు ఆరు గంటలు ఓర్చుకుంటుంది. కడప నుంచి ఇంకో ఊరికి రెఫర్ చేసేటప్పుడు ఆ ఆరు గంటల్లో ప్రయాణం ఎంత తింటుందో నువ్వే లెక్క వేసి, అవతలి డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పి పంపు.

గుంతకల్లు నుంచి ఒక తండ్రి: మా వాడిని ఎవరో పొడిస్తే మొదట పోయిన చోట పోలీస్ కేసు అయితేనే చేర్చుకుంటాం అన్నారు. అరగంట పోయింది. అది రూలా? ఆరోగ్యశ్రీ కార్డు చెల్లుతుందా?

రూలు కాదు. ముందు వైద్యం, తర్వాత కాగితాలు అని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది, ప్రభుత్వ ఆస్పత్రి అయినా ప్రైవేటు అయినా. పోలీసులకు సమాచారం పంపాల్సిన బాధ్యత డాక్టర్‌దే, మీరు స్టేషన్‌కు పోయి కాగితం తెచ్చే పని లేదు. ఈసారి ఎవరన్నా అలా అంటే మెడికో లీగల్ కేసు మీరే రాసుకుని ముందు చూడండి అని గట్టిగా చెప్పండి. పొడుపు సమయంలో వేసుకున్న చొక్కా ఉతకకండి, పారేయకండి, ఒక కవర్లో ఉంచి వాళ్ళకే అప్పగించండి, తర్వాత కేసులో కావాలి.

మీరు ఆరోగ్యశ్రీ అంటున్న పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆస్పత్రి ఆ జాబితాలో ఉందో లేదో, చేసే ఆపరేషన్ ప్యాకేజీలోకి వస్తుందో లేదో అక్కడ కూర్చునే ఆరోగ్యమిత్ర చూసి చెబుతారు, స్టెంట్ అయితే ఆ మాట విడిగా అడగండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో గుండె, ఛాతీ ఆపరేషన్ల విభాగం ఉంది, మీకు రైలూ ఉంది బస్సూ ఉంది. మీ వాడి గాయం మానిందని రాశారు. ఈ వారంలో ఒక పూట తీసుకుపోయి రెండు చేతులకూ బీపీ చూపించి, గాయం మీద స్టెతస్కోపు పెట్టించండి.